గాయం తలకు.. భారం ఇంటికి

* ప్రాణం దక్కినా వీడని వెతలు
* సంపాదించే వయసు వారే ఎక్కువగా బలి
* కంటికి కనిపించని వైకల్యంతో కుటుంబాలు కుదేలు
* ప్రమాదం పక్క రాష్ట్రంలో జరిగినా సొంతూళ్లోనే పరిహారం కోరే వీలు

బళ్లారి:

'దేవుడి దయవల్ల మనిషి దక్కాడు. అదే పదివేలు'.. తలకు దెబ్బ తగిలి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరినవారి గురించి బంధువులు, ఇరుగుపొరుగు ముందుగా అనే మాట ఇదే. కుట్లు మానతాయి. గుండు చేసిన తల మీద జుట్టు మొలుస్తుంది. నెల తిరిగేసరికి మనిషి వీధి అరుగు మీద కూర్చుని కనిపిస్తాడు. చూసినవాళ్లంతా కోలుకున్నాడనే అనుకుంటారు.

ఆ ఇంటి గడప లోపల మాత్రం అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. నిన్నటి దాకా నెమ్మదస్తుడని పేరున్న మనిషి చిన్న మాటకే కస్సుమంటాడు. పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి గుర్తుండదు. కొట్టుకు పంపితే చిల్లర లెక్క చూసుకోలేక వెనక్కి వస్తాడు. టీవీ శబ్దానికే తల పట్టుకుంటాడు. పనికి వెళితే రెండు గంటలకే డస్సిపోతాడు. 'ఒళ్లు వంగక వేషాలు' అని ఒకరు, 'గాలి సోకింది, తాయెత్తు కట్టించండి' అని మరొకరు. దెబ్బ తగిలింది మెదడుకని, ఈ మార్పులన్నీ దాని ఫలితమేనని చెప్పేవాళ్లే కరవు.

బళ్లారి, రాయచూరు, కోలారు, చిక్కబళ్లాపురం మొదలుకొని హోసూరు, తిరుత్తణి, బరంపురం, షోలాపూర్, యానాం వరకు తెలుగువారున్న ఊళ్లలో ఇలాంటి ఇల్లు తారసపడటం పెద్ద వింతేమీ కాదు. రోడ్డు ప్రమాదంలో ఎందరు పోయారన్నది మర్నాడు పేపర్లో వస్తుంది. బతికి బయటపడినవారు, వారిని సాకుతున్న కుటుంబాలు ఆ తర్వాత ఎలా ఉన్నాయన్నది ఎక్కడా రాదు.

లెక్క తేలేది సగమే

ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6.9 కోట్ల మందికి తలకు దెబ్బ తగిలి మెదడు గాయపడుతోందని 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మన దగ్గర ఈ అంశంపై ఎక్కువగా పరిశోధన చేసింది బెంగళూరులోని నిమ్హాన్స్. కోలారు, చిక్కబళ్లాపురం, అనంతపురం, చిత్తూరు జిల్లాల వారికి ఈ పేరు కొత్త కాదు. 'నరాల ఆసుపత్రి' అంటే చాలామందికి అదే గుర్తుకొస్తుంది. బెంగళూరులో లక్ష జనాభాకు ఏటా దాదాపు 150 మంది తల గాయాల పాలవుతున్నారని, వారిలో 20 మంది వరకు చనిపోతున్నారని 2002లో ప్రచురితమైన నిమ్హాన్స్ పరిశోధన పేర్కొంది. అదే దామాషా వేసి చూస్తే నాలుగు లక్షల జనాభా ఉన్న ఊరికి ఏడాదికి 600 మంది. అంటే రోజుకు ఒకరి కంటే ఎక్కువే. గాయపడినవారిలో పది మందికి ఒకరిద్దరు పోతే మిగిలినవారంతా ఏదో ఒక స్థితిలో ఇంటికి చేరేవారే.

కారణాల్లో మొదటిది రోడ్డు. నూటికి 60 తల గాయాలు రోడ్డు ప్రమాదాల వల్లేనని అదే పరిశోధన చెబుతోంది. ఎత్తు మీది నుంచో, నడుస్తూనో పడిపోవడం వల్ల జరిగేవి 20 నుంచి 25 శాతం. కొట్లాటల వల్ల మరో పది శాతం.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. 4,43,366 మంది గాయపడ్డారు. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశా.. ఈ నాలుగు రాష్ట్రాల్లో కలిపి చూసినా మృతులు 50 వేలకు పైనే. పోయినవారిలో మూడింట రెండొంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపు వారు. పెళ్లయి, చిన్న పిల్లలతో, ముసలి తల్లిదండ్రులతో ఇల్లు నడుపుతున్న వయసది. గాయపడిన నాలుగు లక్షల నలభై వేల మందిలో ఎందరికి తలకు తగిలింది, ఎందరు తిరిగి పనిలోకి వెళ్లారన్నది మాత్రం ఆ నివేదికలో కనిపించదు.

ఒకే ఏడాది.. రెండు ప్రమాదాలు

ఇటు కన్నడిగులు, అటు తెలుగువారు మరచిపోలేని రెండు ప్రమాదాలు 2021లో మూడు నెలల తేడాతో జరిగాయి. జూన్ 12 రాత్రి బెంగళూరులో స్నేహితుడి బైకు వెనక కూర్చుని వెళుతున్న కన్నడ నటుడు సంచారి విజయ్ ప్రమాదానికి గురయ్యారు. 'నాను అవనల్ల అవళు' చిత్రానికి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్న కళాకారుడాయన. తలకు తీవ్ర గాయమైంది. హెల్మెట్ పెట్టుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. వైద్యులు ఎంత ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. బ్రెయిన్ డెడ్ కావడంతో కుటుంబ సభ్యులు అంత దుఃఖంలోనూ ఆయన అవయవాలను దానం చేశారు.

సెప్టెంబర్ 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి మీద తెలుగు నటుడు సాయి ధరమ్ తేజ్ నడుపుతున్న బైకు జారి పడిపోయింది. చాలా రోజులు స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నారు. నెల దాటాక ఇల్లు చేరారు. హెల్మెట్ ఉండబట్టే బతికానని ఆ తర్వాత ఆయన పలు సభల్లో చెప్పారు. కోలుకునే రోజుల్లో మాట సరిగా రాక ఎంత ఇబ్బంది పడిందీ దాచుకోకుండా చెప్పారు. పేరున్న నటుడికే మళ్లీ మామూలు మనిషి కావడానికి నెలలు పట్టింది. చుట్టూ డాక్టర్లు, మనుషులు, డబ్బు ఉన్నచోట ఇంత కష్టమైతే, రోజు కూలీ మీద బతికే ఇంట్లో పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు.

2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు దేశంలో 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. హెల్మెట్ పెట్టుకుంటే ప్రాణం పోయే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతుందని వివిధ దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన నిపుణులు తేల్చారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవారికీ, వెనక కూర్చునేవారికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. కర్ణాటకలో వెనక కూర్చున్నవారికి కూడా 2016 జనవరి నుంచి ఈ నిబంధన అమలు మొదలుపెట్టారు. అయినా హెల్మెట్ ట్యాంకు మీదో, అద్దానికో వేలాడుతూనే ఉంటుంది. పోలీసు కనిపిస్తే తలకెక్కుతుంది. మలుపు తిరగగానే దిగుతుంది. పెట్టుకున్నా చాలామంది కింద పట్టీ బిగించరు. పట్టీ లేని హెల్మెట్ పడేటప్పుడు మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది.

మిద్దె మీది నిద్ర.. చెట్టు మీది పని

రోడ్డొక్కటే కాదు. బళ్లారి, రాయలసీమ పల్లెల్లో పిట్టగోడ లేని పాత మిద్దెలు ఇప్పటికీ ఉన్నాయి. ఎండాకాలం ఉక్కపోత తట్టుకోలేక పైన పడుకుంటారు. నిద్రమత్తులో లేచి అడుగు తప్పితే కిందే. గాలిపటం కోసం వెనక్కి నడిచే పిల్లలదీ ఇదే సంగతి. ఒడిశా, యానాం వైపు తాడి, కొబ్బరి చెట్లెక్కేవారు, బెంగళూరు, హోసూరులో సెంట్రింగ్ పనికి వెళ్లే కూలీలు, ఏ తాడూ టోపీ లేకుండానే ఎత్తున నిలబడుతున్నారు. పనిచోట పడినవారికి రోడ్డు ప్రమాద బీమా కూడా వర్తించదు.

ఇక ముసలివాళ్లు. స్నానాల గదిలో కాలు జారి తల గోడకు తగులుతుంది. రక్తం రాదు. 'ఏం కాలేదులే' అని అవ్వ లేచి కూర్చుంటుంది. మూడు వారాల తర్వాత మాట తడబడటం, నడక తూలడం మొదలవుతాయి. వయసు వల్ల అనుకుని వదిలేస్తారు. పెద్ద వయసులో మెదడు కొద్దిగా కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి చిన్న దెబ్బకే పైనున్న సన్నటి రక్తనాళాలు తెగి, రక్తం బొట్టుబొట్టుగా చేరుతుంది. వారాల తరబడి బయటపడదు. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. సకాలంలో సీటీ స్కాన్ తీసి గుర్తిస్తే, చిన్న ఆపరేషన్‌తోనే చాలామంది లేచి తిరుగుతారు.

లేచి మాట్లాడాడు కదా అనుకోవద్దు

మెదడు పుర్రె లోపల నీటి వంటి ద్రవంలో తేలుతూ ఉండే మెత్తని ముద్ద. బండి ఒక్కసారిగా ఆగినప్పుడు తల ఆగుతుంది కానీ లోపల మెదడు ఆగదు. ముందుకు వెళ్లి ఎముకకు గుద్దుకుంటుంది, మళ్లీ వెనక్కి కొట్టుకుంటుంది. సన్నటి నరాల తీగలు సాగుతాయి, తెగుతాయి. పైకి ఒక్క గీత లేకపోయినా లోపల పెద్ద నష్టం జరిగి ఉండవచ్చు. ఇది మొదటి దెబ్బ. ఆ తర్వాత గంటల్లో వచ్చే వాపు, రక్తం గడ్డకట్టడం, ప్రాణవాయువు అందకపోవడం రెండో దెబ్బ. మొదటిదాన్ని వైద్యులు వెనక్కి తిప్పలేరు. వారి పోరాటమంతా రెండోదానితోనే. అందుకే తొలి గంటలకు అంత విలువ.

కొన్ని గాయాల్లో మోసం ఉంటుంది. పడినవాడు కాసేపు స్పృహ తప్పి లేస్తాడు. మాట్లాడతాడు, నీళ్లడిగి తాగుతాడు, బండి కూడా నడుపుకుంటూ ఇల్లు చేరతాడు. నిద్రొస్తోందని పడుకుంటాడు. తెల్లారేసరికి లేపినా లేవడు. పుర్రె ఎముకకు, మెదడు పైపొరకు మధ్య రక్తం చేరుతూ ఉండగా మధ్యలో దొరికే ఆ కొద్ది గంటల 'బాగున్నాడు' అన్న భ్రమే ఎన్నో ప్రాణాలు తీస్తోంది. తాగి పడినవారి విషయంలో ఇది మరీ ప్రమాదం. 'మందు మత్తులే, పొద్దునకి దిగుతుంది' అని పక్కన పడుకోబెడతారు. మత్తు ఏదో, గాయం ఏదో బయటి నుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆసుపత్రిలో తీవ్రతను కొలవడానికి గ్లాస్గో కోమా స్కేల్ వాడతారు. 1974లో స్కాట్లాండ్‌కు చెందిన ఇద్దరు న్యూరో సర్జన్లు టీస్‌డేల్, జెన్నెట్ దీన్ని రూపొందించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతుల కదలికకు 6.. మొత్తం 15 మార్కులు. 13 నుంచి 15 వస్తే స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్రం. కనీస మార్కు 3. తల గాయాల్లో ఎక్కువ భాగం స్వల్పమైనవే. అయితే 'స్వల్పం' అన్న ఆ మాట ప్రాణానికి సంబంధించింది. బతుకుకు సంబంధించింది కాదు. 14 మార్కులతో ఇంటికి పంపినవారిలోనూ కొందరికి నెలల తరబడి తలనొప్పి, మతిమరుపు, చిరాకు, నిద్రలేమి వేధిస్తాయి.

మనిషే మారిపోతే..

నుదుటి వెనక ఉండే మెదడు భాగం కోపాన్ని అదుపులో పెడుతుంది. ముందువెనకలు ఆలోచింపజేస్తుంది. ఎక్కడ ఏం మాట్లాడాలో చెబుతుంది. బండి మీది నుంచి ముందుకు పడ్డప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఇదే. వైద్య విద్యార్థులందరూ చదివే పాత ఉదంతం ఒకటుంది. 1848లో అమెరికాలో రైలు మార్గం పనుల మేస్త్రీ ఫినియాస్ గేజ్ తలలోంచి మందుగుండు పేలుడుకు ఇనుప గడ్డపార దూసుకుపోయింది. మనిషి బతికాడు. నడిచాడు, మాట్లాడాడు. కానీ అంతకు ముందు పనిమంతుడని, మర్యాదస్తుడని పేరున్న వ్యక్తి నోటి దురుసుతో, నిలకడ లేకుండా తయారయ్యాడు. ఆ మేస్త్రీ పని అతనికి మళ్లీ ఇవ్వలేదు. పోయింది పుర్రెలో ముక్క ఒక్కటే కాదని, అతని స్వభావంలోనూ కొంత పోయిందని వైద్యులకు అర్థమైంది.

175 ఏళ్లు దాటినా మన ఇళ్లలో ఈ సంగతి ఇంకా అర్థం కాలేదు. భర్త కోపానికి కారణం గాయమని తెలియక భార్య పుట్టింటికి వెళ్లిపోతుంది. కుర్రాడు చదువులో వెనకబడితే పొగరు అంటారు. మూర్ఛలు వస్తే దిష్టి తీస్తారు. గాయమైన నెలలకో, ఏడాదికో కూడా మూర్ఛలు రావచ్చు. వాసన తెలియకపోవడం, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం.. ఇవన్నీ గాయం తాలూకువే. కట్టు లేదు, కర్ర లేదు, చక్రాల కుర్చీ లేదు. అందుకే ఎవరికీ జాలి కలగదు.

ఇల్లాలి మీదే బరువు

2021లో ప్రపంచ బ్యాంకు, సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కలిసి రోడ్డు ప్రమాదాల బాధిత కుటుంబాలపై ఒక నివేదిక విడుదల చేశాయి. తమిళనాడు, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బిహార్ రాష్ట్రాల్లో ఇంటింటికీ వెళ్లి వివరాలు సేకరించారు. పేద కుటుంబాల్లో 75 శాతానికి పైగా ప్రమాదం తర్వాత తమ ఆదాయం పడిపోయిందని చెప్పాయి. ప్రమాదం వల్ల తమ పని తీరే మారిపోయిందని దాదాపు 40 శాతం మంది మహిళలు చెప్పారు. డబ్బు ఇబ్బంది తీర్చుకోవడానికి అదనపు పనులు చేపట్టామని 11 శాతం మంది తెలిపారు.

తల గాయమైతే ఈ బరువు రెట్టింపు. కాలు విరిగినవాడు ఆరు నెలలకు లేస్తాడన్న ఆశ ఉంటుంది. ఇక్కడ గడువు తెలియదు. స్కాన్లకు, ఐసీయూకు బంగారం కుదువ పెడతారు. ఆ తర్వాత మందులకు వడ్డీ అప్పు. మనిషిని ఒంటరిగా వదలలేక ఇల్లాలు కూలికి వెళ్లలేదు. వెళ్లకపోతే పొయ్యి వెలగదు. చివరికి బడి మానేది పెద్ద పిల్ల. నాన్నకు కాపలా ఆ పిల్లే. గాయపడింది ఒక్కరే, పనికి దూరమైంది ఇద్దరు, చదువు పోయింది మూడో మనిషికి. సమాజం మీద పడే భారమంటే ఇదే.

మాట ఏ భాషలో తిరిగొస్తుంది?

సరిహద్దు తెలుగు కుటుంబాలకు మరో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో. చదివింది ఆ రాష్ట్ర భాషలో. మెదడులో ఎడమ పక్క గాయమైతే మాట పోవచ్చు, వస్తువు కళ్లముందున్నా దాని పేరు నోటికి రాకపోవచ్చు. రెండు భాషలు తెలిసినవారిలో రెండూ ఒకేలా తిరిగి రావాలని లేదు. కొందరికి చిన్ననాటి ఇంటి భాష ముందు వస్తుంది. మరికొందరికి రోజూ ఎక్కువగా వాడిన భాష. ఆసుపత్రిలో కన్నడంలో పరీక్షించి 'మాట లేదు' అని రాసిన మనిషి ఇంటికొచ్చాక తల్లిని 'అమ్మా' అని పిలవడం అసాధ్యమేమీ కాదు.

కాబట్టి స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, బయట ఏది వాడతారో, ఎందులో చదవడం రాయడం వచ్చో ముందే చెప్పాలి. జ్ఞాపకశక్తి పరీక్షలకూ ఇదే వర్తిస్తుంది. భాష రాక తప్పిన ప్రశ్న, మెదడు దెబ్బతిని తప్పిన ప్రశ్న ఒకటి కావు. మైసూరులో 1965లో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మాటకు, వినికిడికి సంబంధించిన చికిత్సలో పేరున్న జాతీయ సంస్థ. ఇంటి దగ్గర రోజూ సాధన చేయించేది మాత్రం కుటుంబమే. 'ఇది ఏమిటి' అని పరీక్ష పెట్టినట్టు అడగడం కంటే, 'ఇదిగో చెంబు' అని చూపిస్తూ చెప్పడం మేలు చేస్తుంది.

చట్టంలో ఉన్నదేమిటి?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ జాబితాలో తల గాయం పేరిట విడిగా ఏదీ లేదు. కాలూ చెయ్యీ పడిపోతే చలన వైకల్యం కింద, చూపు పోతే అంధత్వం కింద, మాట పోతే భాషా వైకల్యం కింద ధ్రువపత్రం అడగాలి. మతిమరుపు, కోపం, ఏకాగ్రత లేకపోవడం మాత్రమే మిగిలిన మనిషి ఏ గడిలోనూ ఇమడడు. పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది ఇలాంటివారే. మానసిక వైద్యుడితో, న్యూరో సైకాలజిస్టుతో పరీక్షలు చేయించి రాతపూర్వకంగా నివేదిక తీసుకుంటే కొంతవరకు దారి దొరుకుతుంది.

పరిహారం సంగతికొస్తే, సరిహద్దు ప్రజలు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. బళ్లారి వాసికి గుంతకల్లు దగ్గర ప్రమాదం జరిగిందనుకుందాం. కేసు అక్కడే వేయాలని, అందుకు నెలనెలా అక్కడికే తిరగాలని చాలామంది అనుకుని వదిలేస్తారు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు నివసించే చోటి ట్రైబ్యునల్‌లోనూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలని 2019 సవరణ గడువు పెట్టింది కనుక జాప్యం చేయకపోవడం మంచిది. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన పథకం కింద తీవ్ర గాయానికి రూ.50 వేలు, మరణానికి రూ.2 లక్షలు కోరే వీలుంది.

సాకే మనిషి కష్టానికి కూడా విలువ కట్టవచ్చని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు చెబుతోంది. ట్రాక్టర్‌పై వెళుతుండగా లారీ ఢీకొని తలకు గాయమైన 12 ఏళ్ల బాలిక కేసది. పన్నెండేళ్ల పిల్ల బుద్ధి పసిపాప స్థాయికి పడిపోయింది. ట్రైబ్యునల్ రూ.11 లక్షలు, హైకోర్టు రూ.25 లక్షల పైచిలుకు ఇవ్వగా, సుప్రీంకోర్టు దాన్ని రూ.62.27 లక్షలకు పెంచింది. ఇందులో రూ.21.60 లక్షలు ఆమెను రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే ఇద్దరు సహాయకుల ఖర్చు కిందే. ఇంట్లో తల్లో భార్యో చేస్తే ఊరికే జరిగిపోతుందనుకునే చాకిరీకి కోర్టు లెక్క కట్టిన తీరది.

తొలి వైద్యం ఖర్చుకు 2025 మేలో కేంద్రం నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. మోటారు వాహన ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు రూ.1.5 లక్షల దాకా చికిత్స అందించాలన్నది దీని ఉద్దేశం. ఏ రాష్ట్రం వారన్న పట్టింపు లేదు. అంతకు ముందే తమిళనాడు 2021 డిసెంబరులో తొలి 48 గంటల ఉచిత చికిత్స పథకం తెచ్చింది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించరాదని సుప్రీంకోర్టు 2016లోనే మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019 సవరణలో అది చట్టంలోనే చేరింది. సాక్షిగా ఉండాలని ఒత్తిడి చేయకూడదు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు.

దగ్గరి ఆసుపత్రే దిక్కు

బళ్లారి నుంచి బెంగళూరు సుమారు 300 కిలోమీటర్లు. తలకు దెబ్బ అనగానే 'నేరుగా నిమ్హాన్స్‌కే పోదాం' అని బంధువులు కారు మాట్లాడతారు. ఊపిరి సరిగా ఆడని మనిషిని అంత దూరం మోసుకెళితే దారిలోనే రెండో దెబ్బ పడుతుంది. ముందు సీటీ స్కాన్, ఆక్సిజన్ ఉన్న దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ఊపిరి, రక్తపోటు నిలబెట్టించాలి. పెద్ద ఊరికి పంపాలో లేదో వైద్యుడే చెప్పాలి. యానాం వారికి కాకినాడ, బరంపురం వారికి స్థానిక వైద్య కళాశాల, తిరుత్తణి వారికి వేలూరు లేదా చెన్నై.. ఎటు వెళ్లాలన్నది ప్రమాదం జరగక ముందే ఇంట్లో నలుగురూ అనుకుని ఉండటం మంచిది.

గుర్తుంచుకోవలసినవి

* దెబ్బ తగిలాక వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, తికమక మాటలు, మూర్ఛ, ఒక పక్క కాలూ చెయ్యీ బలహీనం కావడం, ఒక కంటి పాప పెద్దది కావడం, ముక్కు చెవుల నుంచి రక్తం లేదా నీరు కారడం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

* స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. కూర్చోబెట్టి కుదపకూడదు. మెడ వంగకుండా నలుగురు కలిసి ఎత్తాలి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.

* ఇంటికి పంపించినా తొలి 24 గంటలు పక్కన ఒకరుండాలి. నిద్రపోతే మధ్యమధ్యలో లేపి మాట్లాడించాలి.

* డిశ్చార్జి కాగితం, స్కాన్ ఫిల్ములు, మందుల చీటీలు, ఎఫ్ఐఆర్ నకలు ఒకే సంచిలో భద్రపరచాలి. రేపు ఆసుపత్రికీ కోర్టుకీ అవే ఆధారం.

* మూర్ఛ మాత్రలు 'తగ్గింది కదా' అని సొంతంగా మానకూడదు. మద్యం పూర్తిగా వదలాలి. వైద్యుడు సరేననే దాకా బండి ఎక్కనివ్వకూడదు.

* చేయాల్సిన పనులు పలక మీదో గోడ మీదో రాసిపెట్టాలి. రోజూ ఒకే వేళకు తిండి, నిద్ర ఉండాలి. ఒకసారి ఒక్క మాటే, నెమ్మదిగా చెప్పాలి. ఇంట్లో గోల తగ్గించాలి.

* పని కొద్దికొద్దిగా మొదలుపెట్టించాలి. తొలి ఆరు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదించినా ఆగిపోదు. రెండేళ్ల తర్వాత కూడా మెరుగుపడినవారున్నారు. విసుగు చెంది వదిలేయకూడదు.

పరామర్శకు వెళ్లేవారు పండ్ల సంచి ఇచ్చి 'మనిషి దక్కాడు కదా' అని లేచిపోవడం మన ఊళ్లలో అలవాటు. ఈసారి ఒక పూట అక్కడే కూర్చుని, ఆ ఇల్లాలిని పనికో, బజారుకో, కాసేపు కునుకు తీయడానికో పంపగలిగితే అంతకు మించిన సాయం లేదు. వచ్చేటప్పుడు తలకు హెల్మెట్ పట్టీ బిగించుకోవడం, వెనక కూర్చున్న భార్యాబిడ్డలకు ఇంకోటి కొనడం కూడా మరచిపోకూడదు.